స్టూలక్క కొత్త ప్రశ్న

కంప్యూటర్లు బాగుచేసే మనిషి అనగానే చేతిలో స్క్రూడ్రైవర్ల సంచి ఉంటుందనుకుంటారు. ఈ ఊళ్ళో ఆ పని చేసే ఆమె వస్తుంటే ముందు కనిపించేది మడత స్టూలు. ఎవరి షాపులో చూసినా, ఎవరింట్లో చూసినా కంప్యూటర్ పెట్టె బల్ల కింద కాళ్ళ దగ్గరే ఉంటుంది. పక్కనున్న కుర్చీ మీద ఫైళ్ళో, మడతపెట్టాల్సిన బట్టలో, నిద్రపోతున్న పిల్లో ఉంటుంది. వాళ్ళు అవన్నీ సర్ది కూర్చోమనేలోపు పావుగంట పోతుంది. అందుకని పదిహేనేళ్ళుగా తన కుర్చీ తనే మోసుకెళ్తోంది. ఆ పుణ్యమా అని అసలు పేరు కరెంటు బిల్లు మీద మాత్రమే మిగిలింది. ఊరందరికీ ఆమె స్టూలక్క. ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. డెబ్భై దాటినవాళ్ళు కూడా మొహమాటం లేకుండా అక్కా అనే పిలుస్తారు.

అంతకుముందు ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఫిర్యాదులు రాసుకునే బల్ల దగ్గర కూర్చునేది. ఫోను చచ్చిపోయిందని జనం పక్కింటి ఫోనులోంచి చెప్పేవాళ్ళు. "మీరేమైనా చేశారా?" అనడిగితే "మేమేం చెయ్యలేదండీ" అనేవాళ్ళు. లైన్‌మన్ వెళ్ళి చూస్తే తీగ మీద తడి దుప్పట్లు ఆరేసి ఉండేవి. ఇలాంటివి కొన్ని వందలు రాశాక, ఏం చెయ్యలేదన్న మాటను ఆమె నమ్మడం మానేసింది. వాళ్ళు అబద్ధమాడుతున్నారని కాదు. రోజూ చేసే పని ఎవరి దృష్టిలోనూ పని కాదు, అంతే.

ఎక్స్ఛేంజి మూతపడి, ఆమె కంప్యూటర్ల పని నేర్చుకున్నాక కూడా ఆ అనుభవం వదిలిపెట్టలేదు. కంప్యూటర్ మొరాయించిందంటే ముందు స్టూలు వేసుకుని కూర్చుంటుంది. ఒళ్ళో ఓ పాత నోటుపుస్తకం. ప్రతి పేజీనీ నిలువుగా రెండు భాగాలు చేసి ఉంటుంది. ఒక వైపు ఏం ఆగిపోయింది, రెండో వైపు ఏం చేశారు. "నాకు చెప్పకండి, చేసి చూపించండి. తలుపు తాళం దగ్గర్నుంచి" అంటుంది. జనం నవ్వుతారు, సిగ్గుపడతారు, చివరికి చేస్తారు. ఓ లాయరుగారి గుమాస్తా అలాగే చేసి చూపిస్తూ చూపిస్తూ, కంప్యూటర్ పెట్టె మీదున్న పూలకుండీలో గ్లాసుడు నీళ్ళు పోశాడు. పోశాక గ్లాసు వంక చూశాడు. తర్వాత స్టూలక్క వంక చూశాడు. ఆమె అప్పటికే రాసేసుకుంది.

ఆ రోజు ఉదయం ఆమె ఇంట్లో బూట్ల లేసు కట్టుకుంటుండగా స్నానాలగదిలోంచి భర్త కేక వినిపించింది. ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు.

"ఏమోయ్! రెండు కిలోలు తగ్గాను!"

"బరువు చూసే మిషను చచ్చి నెలరోజులైంది కదండీ?"

"బాగుచేశా. ఇంట్లో నువ్వొక్కదానివే మెకానిక్కువనుకోకు."

ఎలా బాగుచేశారని అడిగేదే. ఇంతలో ఫోను మోగింది. అవతల చెప్పుల షాపు అమ్మాయి గొంతు ఏడుపు మొదలయ్యే దగ్గర ఆగి ఉంది. కంప్యూటర్ లేవడం లేదట. నీలంరంగు తెర వచ్చి, దానంతటదే ఆరిపోయి, మళ్ళీ వెలిగి, మళ్ళీ నీలం అవుతోందట. స్టూలక్క సంచి భుజాన వేసుకుని, స్టూలు చంకన పెట్టుకుని బయల్దేరింది.

అది మామూలు చెప్పుల షాపు కాదు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకీ, వేళ్ళు వంకర తిరిగినవాళ్ళకీ, ఏ షాపుకెళ్ళినా "మీ సైజు లేదండీ" అనిపించుకున్నవాళ్ళకీ అక్కడ జోళ్ళు చేస్తారు. గోడల నిండా కర్రతో చెక్కిన పాదాలు, ఒక్కోదానికి ఒక్కో చీటీ. అవి షాపు పెట్టిన పెద్దాయన కాలంనాటివి. ఇప్పుడు పాదాలను కెమెరాతో కొలిచి, కంప్యూటర్లో బొమ్మగా మార్చి, ఆ బొమ్మ ప్రకారం కోత మిషను చేత జోళ్ళ అడుగు అట్టలు కోయించేది ఆయన కూతురు, ఇందాక ఫోను చేసిన అమ్మాయి. కంప్యూటర్ లేవకపోతే మిషను లేవదు.

స్టూలక్క గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఆ అమ్మాయి ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, మౌసు పట్టుకుని ఉంది. తెరమీద రెండు గడులు. మౌసు గుర్తు "అన్నీ తుడిచేసి కొత్తగా మొదలుపెట్టు" అన్న అర్థం వచ్చే గడి మీద నిలబడి ఉంది.

"సరే బావా, నొక్కేస్తున్నా."

"నొక్కకు!" స్టూలు టప్పున తెరుచుకుంది. "చెయ్యి తియ్యి తల్లీ. రెండో చెయ్యి కూడా."

అమ్మాయి రెండు చేతులూ పైకెత్తింది.

"అందులో ఉన్నవాటికి ఇంకో కాపీ ఎక్కడైనా ఉందా?"

"ఉందక్కా. నాలుగు నెలల కిందటిది."

"ఇవాళ కోయాల్సినవి ఎప్పుడు కొలిచావు?"

"ఈ నెల్లోనే. మూడుసార్లు పిలిపించి..." ఆమె గొంతు తగ్గిపోయింది. "అయ్యో. బావ ఫార్మాట్ కొట్టేస్తే అయిపోతుందన్నాడక్కా."

"నిజమే, అయిపోతుంది. ఏం చేస్తాడు మీ బావ?"

"పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో."

"అందులో?"

"క్యాంటీన్ చూసుకుంటాడు. కానీ కంప్యూటర్ల గురించి బాగా తెలుసు."

గోడ పక్క బెంచీ మీంచి పెద్దగా నవ్వు వినిపించింది. అక్కడ ఓ లావుపాటి మనిషి చెప్పుల్లేని కాళ్ళు పాత పేపరు మీద పెట్టుకుని కూర్చుని ఉంది. బస్సు కండక్టరు. "అక్కా, ఆ క్యాంటీనాయన మాట విని ఉంటే నా కాళ్ళు రెండూ తుడుచుకుపోయేవన్నమాట!"

నవ్వుతోంది గానీ అసలు ప్రాణం మీదికొచ్చింది ఆవిడకే. పద్నాలుగు నెలల కింద తుంటి విరిగింది. అతికింది గానీ ఎడమకాలు బొటనవేలు మందాన పొట్టిదైంది. మర్నాడు తొమ్మిదింటికి డిపోలో డాక్టరు ముందు పరీక్ష. మెట్లు ఎక్కి దిగాలి, కదిలే బస్సులో ఏదీ పట్టుకోకుండా నిలబడాలి. నిలబడగలిగితే ఆవిడ బస్సు ఆవిడది.

"లేకపోతే?" అనడిగింది స్టూలక్క.

"లేకపోతే జనం బస్సుల్లో మర్చిపోయిన సామాన్ల గదిలో కుర్చీ వేస్తారట. గొడుగులకి కాపలా! ఇరవై రెండేళ్ళు నోరు పెట్టుకుని బతికినదాన్ని అక్కా. గొడుగులతో ఏం పోట్లాడను?"

మూల బల్ల దగ్గర తోలు ముక్కలు సర్దుతున్న పెద్దాయన తలెత్తాడు. "నేను చేత్తో కోస్తానంటుంటే ఇది వినడం లేదమ్మా. ఇదివరకు ఈ షాపంతా నడిచింది ఈ చేతుల మీదేగా?"

"ఎడమ జోడు అడుగుకి మూడు పొరలు నాన్నా. ఒక్కో పొరకీ ఒక్కో వాలు. నీ చెయ్యి వణుకుతుంది."

"వణికేది ఎడమ చెయ్యి. కోసేది కుడి చేత్తో."

"అట్ట పట్టుకునేది ఎడమ చేత్తోనేగా!"

పెద్దాయన ఎడమ చెయ్యి బల్ల కిందికి పెట్టుకున్నాడు. మళ్ళీ తోలులోకి తల వంచాడు.

టైము పదకొండు. మూడు పొరలూ కోశాక జిగురు ఆరడానికి నాలుగు గంటలు కావాలి. మధ్యాహ్నం రెండుకల్లా మిషను కదలకపోతే సాయంత్రానికి జోళ్ళు లేవు. స్టూలక్క నోటుపుస్తకం తెరిచింది.

"ఇప్పుడు చెప్పు. ఏం చేశావు?"

"ఏం చెయ్యలేదక్కా."

"అది రాసేసుకున్నాలే. లేచి బయటికెళ్ళు. పొద్దున ఎలా వచ్చావో అలా రా."

అమ్మాయి గొణుక్కుంటూ వీధిలోకి వెళ్ళింది. గాల్లో తాళం తీసింది. తలుపు తోసినట్టు చేసింది. గుమ్మం పక్కన చెయ్యెత్తి ఏదో పైకి నెట్టినట్టు చేసి లోపలికొచ్చింది. లైటు వేసినట్టు, సంచి కొక్కేనికి తగిలించినట్టు, కంప్యూటర్ బటన్ నొక్కినట్టు చేసింది. సీసాలోంచి నీళ్ళు తాగింది, అది మాత్రం నిజంగానే తాగింది. తాగుతూ ఎడమ చేత్తో కీబోర్డు పై వరసలో ఒక మీట తాకింది.

"ఆగు. ఇప్పుడేం నొక్కావు?"

"ఏం నొక్కలేదు."

"వేలు ఇంకా అక్కడే ఉంది."

అమ్మాయి తన వేలి వంక, అదెవరిదో అన్నట్టు చూసింది. "ఓ, ఇదా... పొద్దున నల్లటి తెరమీద ఏదో ఇంగ్లీషు లైను వచ్చిందక్కా. ముందుకెళ్ళాలంటే ఎఫ్1 నొక్కమంది. నొక్కా. అది లెక్కలోకి వస్తుందా?"

స్టూలక్క రెండో వైపున రాసుకుంది. "గుమ్మం దగ్గర చెయ్యెత్తావు. ఎందుకు?"

"మెయిన్ స్విచ్చి. నిన్న సాయంత్రం జిగురు డబ్బా ఒలికింది. గదంతా ఒకటే ఘాటు. ఎందుకైనా మంచిదని వెళ్తూ మెయిన్ ఆపేశా."

"రోజూ ఆపుతావా?"

"ఎప్పుడూ ఆపను. నిన్నొక్కరోజే."

అదీ రాసుకుంది. అప్పుడు గానీ ఆమె కంప్యూటర్ జోలికి పోలేదు. ఆపి, మళ్ళీ వెలిగించి, మొదటి క్షణంలోనే ఓ మీట టకటకా నొక్కింది. నీలం తెర రాకుండా, లోపలి అమరికలు చూపించే తెర వచ్చింది. పై మూల తారీఖు ఉంది. స్టూలక్క కళ్ళజోడు ముక్కు మీదికి జారింది.

"అమ్మాయ్, ఇవాళ జనవరి ఒకటా?"

"కాదక్కా."

"దీనికి మాత్రం జనవరి ఒకటే. అదీ తొమ్మిదేళ్ళ కిందటిది. ఇది మతి పోగొట్టుకుని, పుట్టిన రోజు దగ్గరికెళ్ళి కూర్చుంది."

ఆమె స్టూలు ముందుకు జరుపుకుని పెట్టె పక్క రేకు తీసింది. లోపల పెద్ద పలక, దానిమీద రూపాయి బిళ్ళంత గుండ్రటి గూడు. అందులో ఉండాల్సిన బిళ్ళ బ్యాటరీ లేదు. తయారైనప్పటి నుంచీ ప్రతి కంప్యూటర్లోనూ అలాంటిదొకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు తారీఖునీ, డిస్కుతో ఏ పద్ధతిలో మాట్లాడాలన్న సంగతినీ గుర్తుపెట్టేందుకు ఆధారం అదే.

"ఊడి కింద పడిందేమో!" అంటూ అమ్మాయి బల్ల కింద దూరింది. కండక్టరు కూడా బెంచీ మీంచే వంగి చూసింది. దుమ్ము, రెండు మేకులు, ఒక బొత్తాం దొరికాయి. పెద్దాయన మాత్రం ఈ గోలేదీ పట్టనట్టు ఒకే తోలు ముక్క మందాన్ని మూడోసారి కొలుస్తున్నాడు.

స్టూలక్క తొందరపడలేదు. ఇలాంటి బిళ్ళ తన సంచిలో ఎప్పుడూ ఒకటి ఉంటుంది. దాన్ని ఓ చిన్న రేకు డబ్బాలో దాస్తుంది. డబ్బా తీసి మూత తిప్పింది. ఖాళీ.

ఒక్క క్షణం ఖాళీ డబ్బా వంకే చూసింది. నిన్నటిదాకా ఉంది. తన సంచి ముట్టుకునేదెవరు? "ఇంట్లో నువ్వొక్కదానివే మెకానిక్కువనుకోకు." నెలరోజులు చచ్చిపడున్న బరువు మిషను ఇవాళ పొద్దున్నే లేచి కూర్చుంది. మాస్టారు రెండు కిలోలు తగ్గారు.

ఆమె డబ్బా మూసి, స్టూలు మీదే ఇటు తిరిగింది. ఇన్నేళ్ళలో ఎవర్నీ అడగని ప్రశ్న అడిగింది.

"ఆగిపోయిందేమిటో నాకు తెలుసు. ఈ షాపులో ఈమధ్య కొత్తగా పనిచెయ్యడం మొదలుపెట్టింది ఏదైనా ఉందా?"

"కొత్తగా పనిచేస్తున్నదా? ఇక్కడ ఉన్నవే పనిచెయ్యక చస్తుంటే..." అంటూ అమ్మాయి ఆగిపోయింది. "నాన్న గేజి! ఏడాదిగా మూలపడి ఉండేది. పదిరోజుల కింద బాగుచేశానన్నాడు."

ముగ్గురూ పెద్దాయన వైపు తిరిగారు. ఆయన చేతిలో, తోలు మందం కొలిచే ఆ పరికరం మీద అంకెలు చక్కగా వెలుగుతున్నాయి. కాదనడానికి ఆ వెలుగు అడ్డొచ్చింది.

"పెట్టె విప్పి దుమ్ము దులుపుతుంటే బిళ్ళ కనిపించిందమ్మా" అన్నాడు పెద్దాయన. "కంప్యూటర్ నడిచేది కరెంటు మీద కదా, దానికి బ్యాటరీతో పనేంటి అనుకున్నా. అక్కడ ఊరికే కూర్చుని ఉంది. నా దానికేమో పనుంది."

"నాన్నా!"

"పదిరోజులు బాగానే నడిచిందా లేదా? అది చెప్పు ముందు!"

"నడిచింది బాబాయ్‌గారూ" అంది స్టూలక్క. "మెయిన్ ఆపనన్నాళ్ళూ కరెంటే దానికి గుర్తుచేస్తూ వచ్చింది. నిన్న మీ అమ్మాయి ఆపేసరికి రాత్రంతా గుర్తుచేసేవాళ్ళు లేరు. అన్నీ మర్చిపోయి, డిస్కుతో పాత పద్ధతిలో మాట్లాడుతోంది. డిస్కుకేమో ఆ భాష రాదు. మీరు సగం చేశారు, అమ్మాయి సగం చేసింది. విడివిడిగా చూస్తే ఇద్దరిదీ తప్పులేదు."

"అయితే నా కాళ్ళు ఉన్నట్టా, పోయినట్టా?" అంది కండక్టరు.

"లోపలే ఉన్నాయి. తలుపు తెరుచుకోవాలంతే."

పెద్దాయన గేజి వెనక మూత తీసి, బిళ్ళ తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు. గేజి అంకెలు ఆరిపోయాయి. స్టూలక్క ప్లగ్గు పీకి, బిళ్ళను గూట్లో నొక్కి, ప్లగ్గు పెట్టి, తారీఖు సరిచేసింది. డిస్కు పద్ధతులు మూడున్నాయి. ఇప్పుడున్నది తప్పని తేలింది కాబట్టి మిగిలినవి రెండు. ఒకటి ఎంచి, దాన్ని పుస్తకంలో రాసుకుని, మళ్ళీ వెలిగించింది.

నలుగురూ తెర వంకే చూస్తున్నారు. గుండ్రటి చుక్కలు తిరిగాయి. తిరిగాయి. తెర నీలంగా మారింది.

అమ్మాయి మొహం చేతుల్లో దాచుకుంది.

"అక్కా" అంది కండక్టరు, ఈసారి నవ్వకుండా. "గొడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టమంటావా?"

"ఇంకొకటుంది కదమ్మా. స్టాపు రాకముందే దిగిపోతే ఎలా?"

రెండోది పెట్టింది. రాసుకుంది. వెలిగించింది. చుక్కలు తిరిగాయి, ఆగాయి, మళ్ళీ తిరిగాయి. తర్వాత, ఏమీ జరగనట్టే, కర్ర పాదాల వరసను ఫొటో తీసి అమ్మాయి పెట్టుకున్న బొమ్మ తెరమీద పరుచుకుంది.

"రైట్ రైట్!" అని కండక్టరు అరిచిన అరుపుకి వీధిలో పోతున్న సైకిలాయన బ్రేకు వేశాడు.

పన్నెండుంబావుకి మిషను కదిలింది. అమ్మాయి ముందు అన్నింటికీ కాపీ తీసుకుంది, ఆ తర్వాతే కోతకు పెట్టింది. స్టూలక్క లేవకుండా కూర్చున్నది అందుకే. బావ మళ్ళీ ఫోన్ చేస్తే, అయిపోయిందని చెప్పారు. చూశావా, నేను చెప్పినట్టు చేస్తే ఎంత తేలికో అన్నాడట.

పెద్దాయన పొరలు అతికించాడు. గేజి లేదు కాబట్టి పాత ఇనప కొలత సాధనం సొరుగులోంచి తీశాడు. "దీనికి ఏ బిళ్ళా అక్కర్లేదు" అని ఎవరికీ కాకుండా గాలికి చెప్పాడు. ఆయనకు కొత్త బిళ్ళ తెప్పించి పెడతానని కూతురు స్టూలక్కతో గుసగుసగా అంది. "ఒకటి కాదు, రెండు తెప్పించు. ఒకటి ఆయన సొరుగులో కనబడేలా పెట్టు" అంది స్టూలక్క.

ఆమె ఇంటికొచ్చి చెయ్యి కడుక్కోకముందే స్నానాలగదిలోకి వెళ్ళి, బరువు మిషను తిరగేసి, తన బిళ్ళ తను తీసుకుంది. సాయంత్రం మాస్టారు మిషనెక్కి దిగి, మళ్ళీ ఎక్కి వచ్చారు.

"ఏమోయ్, మళ్ళీ ఆగిపోయింది!"

"పొద్దున రెండు కిలోలు తగ్గారు కదా. అదే ఖాయం చేసుకోండి."

ఆయనకు విషయం అర్థమైంది. ఆమె కాఫీ తాగుతూ నోటుపుస్తకం తీసింది. స్కేలు పెట్టి ప్రతి పేజీలోనూ ఇంకో నిలువు గీత గీసి మూడో వరస చేర్చింది. కొత్తగా ఏం పనిచేస్తోంది?

పన్నెండు రోజులు పోయాక, ఓ బ్యాంకు నుంచి పిలుపొచ్చి ఆమె బస్సెక్కింది. జనం కిక్కిరిసి ఉన్నారు. సీటు దొరికే ఆశ లేదు. చంకలో స్టూలు ఉండగా నిలబడటమెందుకని డ్రైవరు వెనక కాస్త ఖాళీలో దాన్ని విప్పి కూర్చుంది. వెనకనుంచి గట్టిగా ఈల వినిపించింది.

"ఎవరమ్మా అది, బస్సులో ఫర్నిచరు వేసుకున్నది!"

జనాన్ని చీల్చుకుంటూ కండక్టరు వచ్చింది. రెండు చేతుల్లోనూ టిక్కెట్ మిషను, చిల్లర సంచి. ఏ కమ్మీ పట్టుకోలేదు. బస్సు మలుపు తిరిగింది. సగం మంది ఒకరి మీద ఒకరు వాలారు. ఆవిడ వాలలేదు.

స్టూలక్క చూపు ఆవిడ కాళ్ళ మీదికే పోయింది. ఎడమ జోడు అడుగు మందంగా ఉంది. చూస్తే గానీ తెలియదు.

"ఏమ్మా, గొడుగులెలా ఉన్నాయి?"

"వాటికి వేరే ఆవిణ్ణి వేశారక్కా. పాపం, నోట్లో నాలుక లేని మనిషి. వాటికి సరిపోతుంది." ఇంతలోనే కండక్టరు మొహం డ్యూటీ మొహమైపోయింది. "అదలా ఉంచు. దారికడ్డం స్టూలు వెయ్యకూడదు. మడుచు. మడిచి లే."

"కూర్చోనీవే, మోకాళ్ళ నొప్పులు."

"నాకు కొత్త కాలు ఇప్పించినా సరే, రూలు రూలే. లే అక్కా!"

స్టూలక్క లేచి, స్టూలు మడిచి, పైన కమ్మీ పట్టుకుంది.

"టిక్కెట్" అంది కండక్టరు, చెయ్యి చాచి.